దెబ్బ లేకుండానే నొప్పి

“పుండు మీద కారం చల్లినట్టు” అనే మాట మనం తెగ వాడేస్తుంటాం. బ్యాక్‌లాగ్ వచ్చి దిగులుగా కూర్చున్నవాడి దగ్గరికొచ్చి పక్క బెంచివాడు తన సీజీపీఏ చెప్తే ఆ మాటే. ఇండియా మ్యాచ్ ఓడిపోయిన రాత్రే మెస్‌లో ఉప్మా పెడితే ఆ మాటే. కానీ ఆ మాటలో ఉన్న అసలు సంగతిని ఎవరూ పట్టించుకోరు. మిరప్పొడి మామూలు చేతి మీద పడితే దులిపేసుకుని వెళ్ళిపోతాం. అదే పొడి పుండు మీద పడితే ప్రాణం పోయినంత పనవుతుంది. కారం అదే, మనిషి అదే. మరి మారిందేంటి?

పైచర్మం లేదు కాబట్టి కారం లోపలికి దిగింది అంటే అది సగం జవాబు. మిగతా సగం ఏంటంటే, పుండు పడిన చోట నరాల కొసలే మారిపోతాయి. నేను రాయబోయేది ఆ మిగతా సగం గురించి. ఎందుకంటే కొందరిలో పుండు మానిపోయాక కూడా ఆ మార్పు వెనక్కి పోదు. అసలు పుండే పడనివాళ్ళలో కూడా వస్తుంది.

నేను సీఎస్ఈ. బయాలజీని పదో తరగతి పబ్లిక్ పరీక్షలతోనే వదిలేశాను. ఇదంతా చదవాల్సి రావడానికి కారణం మా అమ్మమ్మ. ఆమెకి పదిహేనేళ్ళుగా షుగర్, రెండేళ్ళుగా అరికాళ్ళ మంటలు. “నిప్పుల మీద నిలబెట్టినట్టుంది నాన్నా” అంటుంది. చూస్తే పాదాలు ఎర్రగా లేవు, వాపు లేదు, గాయం లేదు. పరీక్షలు చేయించాం. నరాలకి కరెంటు పెట్టి చూసే టెస్టు కూడా అయింది. అన్నీ నార్మల్. ఆ కాగితం ఇంటికొచ్చిన రోజు నుంచి ఆమె మంట అంటే ఎవరూ తల తిప్పి చూడటం మానేశారు. వయసు అని ఒకరు, ఏమీ తోచక అని ఒకరు, మనసులో పెట్టేసుకుందని ఇంకొకరు. కొన్నాళ్ళకి ఆమే చెప్పడం తగ్గించింది. మంట తగ్గి కాదు.

సరే, మొదటి నుంచి వద్దాం. చర్మంలో నొప్పి అనేది ఉండదు. అక్కడ ఉండేది ప్రమాదాన్ని కనిపెట్టే నరాల కొసలు మాత్రమే. వాటికి నోసిసెప్టర్లు అని పేరు. 1906లో చార్లెస్ షెరింగ్టన్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త పెట్టాడు. హాని అనే అర్థం వచ్చే లాటిన్ మాట నుంచి తీసుకున్నాడు. పేరులో నొప్పి లేదు చూడండి, హాని ఉంది. అది కావాలనే. నరం చెప్పేది “ఇక్కడ హాని జరుగుతోంది” అనే కబురు. దాన్ని నొప్పిగా మార్చేది మెదడు.

ఈ నరాల నిర్మాణం విచిత్రంగా ఉంటుంది. నరకణం అసలు శరీరం వెన్నుపాము పక్కన ఒక చిన్న ముడిలో కూర్చుని ఉంటుంది. అక్కడి నుంచి ఒక తీగ కాలి బొటనవేలి దాకా, ఇంకో తీగ వెన్నుపాములోకి. అంటే ఒకే ఒక్క కణం, పొడవు సుమారు ఒక మీటరు. మైక్రోస్కోపు కింద చూసేదే కణం అని ఏడో తరగతి నుంచీ అనుకుంటూ వచ్చిన నాకు ఇది చదివినప్పుడు కాసేపు నమ్మబుద్ధి కాలేదు. ఆ ఒక్క కణం తన నడుం దగ్గర తయారుచేసిన సరుకంతా మీటరు దూరం మోసుకెళ్ళి పాదంలోని కొసని బతికించుకోవాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత అవసరం వస్తుంది.

హాని కబురు మోసే తీగలు రెండు రకాలు. ఎ-డెల్టా అనేవాటికి పల్చగా మైలిన్ తొడుగు ఉంటుంది. సెకనుకి 5 నుంచి 30 మీటర్ల వేగం. సి ఫైబర్లకి తొడుగు ఉండదు, ఇంకా సన్నం, సెకనుకి అర మీటరు నుంచి 2 మీటర్లు. మనం నడిచే వేగం కంటే పెద్ద ఎక్కువేం కాదు. చీకట్లో మంచం కోడుకి కాలి వేలు తగిలినప్పుడు ఏమవుతుందో గుర్తు తెచ్చుకోండి. ముందు జివ్వుమని ఒక పోటు. ఆ తర్వాత ఒక్క క్షణం ఖాళీ, “అయిపోయింది, ఇప్పుడొస్తుంది చూడు” అని మనకే తెలిసే క్షణం. అప్పుడు మెల్లగా సలుపు మొదలవుతుంది. మొదటిది ఎ-డెల్టా తెచ్చింది, రెండోది సి ఫైబర్ తెచ్చింది. పాదం నుంచి వెన్నుపాముకి మీటరు దూరం, సెకనుకి ఒక మీటరు వేగం. లెక్క సరిపోయిందిగా.

ఇప్పుడు కారం సంగతి. మాది గుంటూరు వైపు కాబట్టి దీని మీద నాకు కొంచెం హక్కు ఉందనుకుంటాను. మిరపకాయలో ఉండే క్యాప్సైసిన్ నోటిలో ఏమీ కాల్చదు. నోసిసెప్టర్ పొర మీద టీఆర్‌పీవీ1 అనే ఒక ప్రొటీన్ ద్వారం ఉంటుంది. 43 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడి తగిలితే అది తెరుచుకుంటుంది, సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి వస్తాయి, నరం సిగ్నల్ కొడుతుంది. క్యాప్సైసిన్ అదే ద్వారాన్ని వేడి లేకుండానే తెరుస్తుంది. మెదడుకి వచ్చే కబురు రెండింట్లోనూ ఒకటే: కాలుతోంది. మిరపకాయ తింటే “మంట” అంటాం, నిప్పు తగిలినా “మంట” అంటాం. ఆ రెండూ ఒకే ద్వారం గుండా వస్తాయని 1997లో డేవిడ్ జూలియస్ బృందం కనిపెట్టింది. 2021లో నోబెల్ వచ్చింది, స్పర్శ మీద పనిచేసిన ఆర్డెమ్ పటపూటియన్‌తో కలిపి. మనవాళ్ళు ఒక్క మాటతో ఎప్పుడో తేల్చేసిన విషయం అనుకుని నేను కాస్త గర్వపడ్డాను. (పక్షుల్లో ఈ ద్వారం క్యాప్సైసిన్‌కి స్పందించదు. జామచెట్టు మీది చిలక పచ్చిమిరపకాయని అంత హాయిగా కొరికేది అందుకే, దాని గొప్పతనం ఏం లేదు.)

ఇక పుండు. దెబ్బ తగిలిన చోట చితికిన కణాలు, అక్కడికి చేరిన రక్షణ కణాలు కలిసి ప్రొస్టాగ్లాండిన్లు, బ్రాడికైనిన్, ఇంకా చాలా రసాయనాలు వదులుతాయి. ఇవి నోసిసెప్టర్ లోపలికి కబురు పెట్టి టీఆర్‌పీవీ1 ద్వారాన్ని సవరిస్తాయి. అది తెరుచుకోవాల్సిన ఉష్ణోగ్రత 43 నుంచి దిగుతుంది. బాగా వాచినచోట మన ఒంటి వేడికే తెరుచుకునేంత కిందికి దిగగలదు. మన భాషలో చెప్పాలంటే కోడ్ మారలేదు, థ్రెషోల్డ్ మాత్రం తగ్గించారు. ఒకసారి దొంగ పడ్డ ఇంట్లో కుక్క ఆకు కదిలినా మొరుగుతుంది, అలాగన్నమాట. అందుకే వేలు తెగిన రోజు గోరువెచ్చటి నీళ్ళు కూడా సుర్రుమంటాయి. అలా సగం తెరుచుకుని ఉన్న ద్వారం మీద కారం పడితే ఇంకేముంది.

ఆస్పిరిన్, ఐబుప్రోఫెన్ పనిచేసేది ఈ దశలో. అవి ప్రొస్టాగ్లాండిన్ల తయారీని ఆపుతాయని 1971లో జాన్ వేన్ చూపించాడు. పుండు మానితే రసాయనాలు పోతాయి, థ్రెషోల్డ్ మళ్ళీ పైకి వెళ్తుంది. ఇదంతా బాగానే రాసిన ప్రోగ్రాం. దెబ్బ తగిలిన కాలుని వాడకుండా ఉంచి, మానేదాకా కాపాడటం దీని పని.

నొప్పి మూడు నెలలు దాటితే దాన్ని దీర్ఘకాలిక నొప్పి అంటారు. ఇక్కడే కథ మారుతుంది, ఇక్కడే మా ఇంట్లోవాళ్ళు తప్పిపోయారు. ఎంతసేపటికీ “దెబ్బ ఎక్కడ?” అనే వెతుకులాట. కొన్ని నొప్పుల్లో దెబ్బ తిన్నది పాదం కాదు, పాదం కబురు మోసే తీగ.

షుగర్ ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ, నరాలకి రక్తం అందించే సన్నటి నాళాలూ దెబ్బతింటాయి. ముందుగా దెబ్బతినేది పొడవైన నరాలు. ఇందాక చెప్పిన మీటరు పొడవు కణం గుర్తుందా? అంత దూరం సరుకు మోయలేక కొస నుంచి వెనక్కి ఎండిపోతూ వస్తుంది, చెట్టు చిటారు కొమ్మ ముందు ఎండినట్టు. అందుకే మొదట కాలివేళ్ళు, తర్వాత పాదం, తర్వాత పిక్క. అదీ రెండు కాళ్ళకీ ఒకేలా, మేజోళ్ళు తొడిగినట్టు. అది మోకాళ్ళ దాకా వచ్చేసరికి చేతివేళ్ళలో మొదలవుతుంది. మన దేశంలో షుగర్ ఉన్నవాళ్ళు 10 కోట్ల పైనే అని ఐసీఎంఆర్ సర్వే 2023లో చెప్పింది. వాళ్ళందరికీ ఇలా అవుతుందని కాదు, కానీ మీ ఇంట్లోనో పక్కింట్లోనో ఒక “అరికాళ్ళ మంటలు” కచ్చితంగా ఉండి ఉంటుంది.

నాకు అన్నిటికంటే అర్థం కానిది ఒకటుండేది. అమ్మమ్మకి నడుస్తూ ఉండగా చెప్పు జారిపోయినా తెలియదు. పది అడుగులు వేశాక చూసుకుంటుంది. అదే మనిషికి రాత్రి దుప్పటి అంచు పాదానికి రాసుకుంటే ఓర్చుకోలేదు. మొద్దుబారిన కాలికి మంటేంటి? ఇంట్లో అందరూ ఎత్తిచూపింది కూడా ఇదే, “ఒక పక్క తెలియదంటుంది, ఇంకో పక్క మంటంటుంది” అని. కానీ ఈ రెండూ కలిసి ఉండటమే నరం దెబ్బతిన్నదనడానికి గుర్తు. చర్మం దాకా చేరలేని తీగ బయటి కబురు తేలేదు, అందుకు మొద్దు. దెబ్బతిన్న ఆ తీగలోనే సోడియం ఛానెళ్ళ అమరిక తారుమారై, ఏమీ తగలకుండానే దానంతటది సిగ్నల్ కొడుతూ ఉంటుంది, అందుకు మంట. వెన్నుపాముకి ఆ సిగ్నల్ పాదం నుంచి బయలుదేరిందో, మధ్యలో పుట్టిందో తెలిసే మార్గం లేదు. వైరు ఎక్కడిదో అక్కడే నొప్పి అనుకుంటుంది. ప్యాకెట్ మీద పంపినవాడి అడ్రస్ ఒక్కటే ఉంది, దాన్ని సరిచూసుకునే పద్ధతి లేదు.

మరి టెస్టు నార్మల్ ఎలా వచ్చింది? దీనికి జవాబు దొరికిన రోజు నేను నిజంగా ఎగిరి గంతేశాను. కరెంటు పెట్టి చూసే టెస్టుని నర్వ్ కండక్షన్ స్టడీ అంటారు. అది కొలిచేది మైలిన్ తొడుగు దట్టంగా ఉన్న, లావుపాటి, వేగంగా పరిగెత్తే తీగల్ని. సన్నటి సి ఫైబర్ల సిగ్నల్ మరీ చిన్నది, మరీ నెమ్మది, ఆ టెస్టుకి అందదు. మొదట సన్నటి తీగలే దెబ్బతిన్న మనిషికి ఆ రిపోర్టు నార్మల్‌గానే వస్తుంది. వాటిని చూడాలంటే 3 మిల్లీమీటర్ల చర్మం ముక్క తీసి, మైక్రోస్కోపు కింద పైచర్మంలోకి వచ్చే నరాల కొసల్ని లెక్కపెట్టాలి. అంటే నార్మల్ వచ్చింది టెస్టు అడిగిన ప్రశ్నకి. మన ప్రశ్న అసలు అది కాదు. టెస్ట్ కేసులన్నీ పాసైనంత మాత్రాన ప్రోగ్రాంలో బగ్ లేదని మనలో ఎవరైనా ఒప్పుకుంటామా?

నొప్పి మీద పనిచేసే అంతర్జాతీయ సంఘం 2020లో తన నిర్వచనాన్ని సవరించింది. ఒంటికి నిజంగా హాని జరిగినప్పుడు కలిగే బాధే కాదు, దాన్ని పోలిన బాధ కూడా నొప్పే అని అందులో ఉంది. మనిషి నొప్పి అని చెప్తే దాన్ని గౌరవించాలని కూడా విడిగా రాశారు. నేను దాన్ని తెలుగులో రాసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. రెండు థంబ్స్ అప్‌లు, ఒక గుడ్ మార్నింగ్ గులాబీ వచ్చాయి.

దుప్పటి సంగతి ఇంకా మిగిలి ఉంది. దుప్పటి తాకిడిని మోసేది నోసిసెప్టర్లు కాదు, ఎ-బీటా అనే స్పర్శ తీగలు. అవి మామూలుగా నొప్పిని తగ్గిస్తాయి. మోకాలికి దెబ్బ తగిలితే చటుక్కున చేత్తో రుద్దుకుంటాం చూడండి, ఆ రుద్దుడు కబురు వెన్నుపాములో నొప్పి కబురుకి గేటు వేస్తుంది. మెల్జాక్, వాల్ అనే ఇద్దరు 1965లో చెప్పిన గేట్ కంట్రోల్ సిద్ధాంతం ఇదే. దాని వివరాలు తర్వాత చాలా మారాయి గానీ మూల ఆలోచన నిలిచింది. అయితే కింద నుంచి సి ఫైబర్లు రోజుల తరబడి వాయిస్తూనే ఉంటే వెన్నుపాములోని న్యూరాన్లు మారిపోతాయి. వాటి మీద ఎన్ఎండీఏ అనే రిసెప్టర్ ఉంటుంది. మామూలప్పుడు ఒక మెగ్నీషియం అయాన్ బిరడాలాగా దానికి అడ్డుపడి ఉంటుంది. గ్లూటమేట్ వచ్చి తగలాలి, అదే సమయానికి న్యూరాన్ అప్పటికే ఉత్తేజితమై ఉండాలి, రెండూ జరిగితేనే బిరడా ఊడుతుంది. పక్కా ఆండ్ గేట్. ఊడితే కాల్షియం లోపలికొచ్చి ఆ కనెక్షన్‌ని బలపరుస్తుంది. మనం పాఠం గుర్తుపెట్టుకునేటప్పుడు మెదడులో జరిగేది కూడా చాలావరకు ఇదే పని. అంటే వెన్నుపాము నొప్పిని బట్టీ పడుతోంది. ఆపే న్యూరాన్లు బలహీనపడి, నొప్పి న్యూరాన్లు ఇలా రెచ్చిపోయాక, స్పర్శ తీగ తెచ్చిన దుప్పటి కబురు కూడా నొప్పి ఖాతాలోనే పడుతుంది. నొప్పి పెరగడంలో వెన్నుపాము పాత్ర ఉందని క్లిఫర్డ్ వూల్ఫ్ 1983లో ఎలుకల మీద చూపించాడు. జ్వరమొచ్చి తగ్గాక “ఒళ్ళు పచ్చిపుండులా ఉంది” అంటారు మన పెద్దవాళ్ళు. తాకితేనే నొప్పి అనే స్థితికి ఇంతకంటే మంచి మాట నాకు ఏ పుస్తకంలోనూ కనిపించలేదు.

అయితే ఆ తీగల్నే ఆపేస్తే పోలేదా అనిపిస్తుంది. ఉత్తర పాకిస్తాన్‌లో ఒక అబ్బాయి వీధిలో చేతుల్లోంచి కత్తులు గుచ్చుకుని, నిప్పుల మీద నడిచి డబ్బులు సంపాదించేవాడు. నొప్పి అంటే ఏంటో తెలియదు వాడికి. పద్నాలుగేళ్ళు నిండకముందే ఇంటి కప్పు మీంచి దూకి చనిపోయాడు. వాడి బంధువర్గంలో అలాంటి పిల్లల్ని ఆరుగురిని పరీక్షిస్తే అందరికీ పెదవులో నాలుకో తామే కొరుక్కున్న గాయాలున్నాయి. వాళ్ళలో ఎన్ఏవీ1.7 అనే ఒకే ఒక సోడియం ఛానెల్ పనిచేయడం లేదని 2006లో తేలింది. ఒక్క ఛానెల్! అప్పటి నుంచి మందుల కంపెనీలు దాని వెంట పడ్డాయి, ఇప్పటిదాకా పెద్దగా ఫలితం రాలేదు. దాని చుట్టమైన ఎన్ఏవీ1.8ని ఆపే సుజెట్రిజిన్‌కి 2025 జనవరిలో అమెరికాలో అనుమతి వచ్చింది, అదీ తాత్కాలికమైన తీవ్ర నొప్పులకి. మంటల పాదాలకి ఇప్పటికి ఉన్నది పాత మందులే. లేదా కారమే! క్యాప్సైసిన్ 8 శాతం ఉన్న పట్టీని అరగంట పాదాలకి వేస్తారు, దెబ్బకి ఆ నరాల కొసలు ముడుచుకుపోయి, మళ్ళీ పెరిగేదాకా కొన్ని వారాలపాటు ఊరుకుంటాయి. షుగర్ వల్ల వచ్చే పాదాల నొప్పికి అమెరికాలో 2020లో దీనికి అనుమతి ఇచ్చారు. దీన్ని చదివి ఎవరూ ఇంట్లో కారం రాసుకోకండి, అది డాక్టరు చేతుల్లో జరిగే పని.

పాత మందుల దగ్గర మా ఇంట్లో ఇంకో గొడవ అయింది. రెండో డాక్టరు గారు డులోక్సెటిన్ రాశారు. మామయ్య ఆ పేరు ఫోన్‌లో వెతికి, “ఇవి డిప్రెషన్ మాత్రలు, చూశారా, ఆయన కూడా మనసుదే అంటున్నాడు” అన్నాడు. అమ్మమ్మ వారం రోజులు మాత్ర ముట్టలేదు. నిజానికి మెదడు నుంచి వెన్నుపాముకి కిందికి దిగే ఒక దారి ఉంది, నొప్పి సిగ్నల్‌ని తగ్గించమని చెప్పేది. అది సెరొటోనిన్, నారడ్రినలిన్‌లతో నడుస్తుంది. డులోక్సెటిన్ ఆ రెండింటినీ ఎక్కువసేపు ఉండనిస్తుంది. దిగులుకీ నొప్పికీ ఒకే రసాయనాలు కావడం వల్ల ఒకే మాత్ర పనికొస్తోంది, అంతే. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ ఇంకో చోట పట్టుకుంటాయి, నరం కొస వెన్నుపాములో రసాయనం వదలడానికి కావాల్సిన కాల్షియం ఛానెళ్ళ దగ్గర. వీటిలో ఏదీ అందరికీ పనిచేయదు, పనిచేసినా మంట పూర్తిగా పోయేది తక్కువ. మామూలు నొప్పి మాత్రలు మాత్రం ఇక్కడ దాదాపు దండగ, ఎందుకంటే ఆపడానికి అక్కడ ప్రొస్టాగ్లాండిన్ల గొడవే లేదు.

రెండో డాక్టరు గారి దగ్గరికి నేనూ వెళ్ళాను, మాటలు అందించడానికి. ఆయన కంప్యూటర్‌లో ఒక ప్రశ్నల పట్టిక ఉంది. ఫ్రెంచి డాక్టర్లు తయారుచేసిన డీఎన్4 అని తర్వాత తెలుసుకున్నాను. మొత్తం 10 అంశాలు, 4 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే నరం దెబ్బతిన్న నొప్పి కావచ్చని. అందులో సగానికి పైగా ఉన్నది మిషన్లు కాదు, మాటలు. మంటా? కరెంటు షాకులాగానా? సూదులు గుచ్చినట్టా? తిమ్మిరా? దురదా? మొదటి ఆసుపత్రిలో మేం అన్నిటికీ కలిపి “పెయిన్” అని ఒక్క మాట చెప్పి వచ్చాం. అమ్మమ్మ మాత్రం ఎప్పుడూ నొప్పి అనలేదు. మోకాలికి సలుపు అంటుంది, పంటికి పోటు అంటుంది, నడుముకి పీకుడు అంటుంది. పాదాలకి మాత్రం మంట, తిమ్మిరి, చీమలు పాకినట్టు, అప్పుడప్పుడు జివ్వుమని లాగడం. నాలుగు మాటలు, ఏ రెండూ ఒకటి కావు. వాటన్నిటినీ ఇంగ్లీషులోకి తెచ్చేసరికి నాకు చెమటలు పట్టాయి. డాక్టరు గారు నవ్వి, “నాకు తెలుగొచ్చు, ఆమెనే చెప్పనీ” అన్నారు.

ఆయన సూది మొనతో, దూదితో, ఒక నైలాన్ తీగతో పాదమంతా తాకి చూశారు. ఆ తీగ 10 గ్రాముల ఒత్తిడికి వంగుతుంది, తెలిసిందో లేదో చెప్పాలి. ఎడమ బొటనవేలి కింద రెండు చోట్ల ఆమెకి తెలియలేదు. మంట కంటే తనకి భయం ఆ రెండు చోట్ల గురించేనని చెప్పారు. అక్కడ రాయి గుచ్చుకున్నా కబురు రాదు. ఇప్పుడు రోజూ రాత్రి పడుకునే ముందు అమ్మ ఫోన్ టార్చ్ వేసి ఆమె అరికాళ్ళు, వేళ్ళ సందులు చూస్తుంది, నేను సెలవుల్లో ఇంట్లో ఉంటే నేను చూస్తాను. మాత్ర రాత్రి తొమ్మిదికి. దుప్పటి పాదాలకి తగలకుండా మంచం చివర ఒక స్టూలు పెట్టి దాని మీంచి కప్పుతున్నాం.